ఎవరిని ఒప్పించడానికి ఆ బాంబులు?
(హనోయ్, 1972 డిసెంబరు)



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన పాండిత్యం మీకు నేను చెప్పాల్సింది కాదు. నా కళ్లముందు ఉన్నది ఆయన ఎర్ర పెన్సిలు. నేను రాసిన వ్యాసంలో హనోయ్ మీద అమెరికా చేసిన బాంబుదాడిని ఘోరం అన్నచోట గీత గీసి, పక్కన ‘యుద్ధం ఆగిందిగా?’ అని రాశారు. ఆ మాట మీద ముప్పై ఏళ్లు వాదించుకున్నాం. తేలకుండానే ఆయన వెళ్లిపోయారు. ఇవాళ నా జవాబు పూర్తిగా చెబుతాను.

1965లో ఉత్తర వియత్నాం మీద అమెరికా మొదలుపెట్టిన ‘రోలింగ్ థండర్’ బాంబుదాడి మూడున్నరేళ్లు సాగినా, దాని రాజధాని హనోయ్ లొంగలేదు. దాని మీద పెద్దగా తగువు లేదు. 1972లో ఉత్తర సేనలు ట్యాంకులతో దక్షిణాదికి దిగినప్పుడు వాటి సరఫరాలను బాంబులు దెబ్బతీశాయనీ ఒప్పుకుంటాను. చరిత్రకారుడు మార్క్ క్లాడ్‌ఫెల్టర్ దాన్ని చక్కగా వివరించాడు. నా పేచీ అంతా డిసెంబరు 18 నుంచి 29 దాకా, క్రిస్మస్ ఒక్కరోజు మినహా సాగిన బి-52 దాడులతోనే.

‘బాంబులు పడ్డాకే హనోయ్ సంతకం పెట్టింది’ అనేవారు మాస్టారు. 1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలైన మాట నిజం. కానీ ముసాయిదా అక్టోబరులోనే సిద్ధమైంది. 26న హనోయ్ దాని సారాంశాన్ని రేడియోలో చదివించింది. అదే రోజు అమెరికా తరఫున చర్చలు జరుపుతున్న కిసింజర్ శాంతి దగ్గరపడిందన్నాడు. అడ్డం తిరిగింది సైగాన్, అంటే దక్షిణ వియత్నాం ప్రభుత్వం. దాని అధ్యక్షుడు థియూ 69 సవరణలు కోరాడు. డిసెంబరుకల్లా హనోయ్ వాళ్లూ బిగుసుకున్నారు, అది దాచను.

జనవరి ఒప్పందంలో మార్పులు ఉన్నాయి. కిసింజర్ వాటినే ఎత్తి చూపుతాడు: రెండు వియత్నాంల మధ్య సైనికరహిత మండలం గురించిన మాట గట్టిపడింది, దక్షిణాన ఏర్పడాల్సిన సయోధ్య మండలి ప్రభుత్వంలా ధ్వనించకుండా చేశారు, సంతకాల పద్ధతి మారింది. సరే. థియూ పట్టుబట్టింది మాత్రం దక్షిణాన ఉన్న ఉత్తర సేనలు వెనక్కి పోవాలని. ఆ షరతు అక్టోబరులో లేదు, జనవరిలోనూ లేదు. మా రాయితీలను వాళ్ల చేత ఒప్పించుకోవడానికే బాంబులు వేశామన్న అర్థంలో కిసింజర్ సహాయకుడు జాన్ నెగ్రోపాంటేనే అన్నాడు.

ఇక్కడ మాస్టారు మాట మార్చేవారు: బాంబులు హనోయ్ కోసం కాదు, సైగాన్‌కు భరోసా ఇవ్వడానికి అని. నేను భరించలేనిది ఈ వాదమే. డిసెంబరు 26 రాత్రి హనోయ్‌లోని ఖామ్ థియెన్ వీధిలో సుమారు 280 మంది చనిపోయారు. అది రైల్వేస్టేషను దగ్గర జనం కిక్కిరిసి బతికే వీధి. 47, 49, 51 నంబర్ల ఇళ్లున్న చోట గొయ్యి మిగిలింది. ఇప్పుడక్కడ చనిపోయిన బిడ్డను ఎత్తుకున్న తల్లి విగ్రహం ఉంది. సైగాన్‌లో ఒక మిత్రుడికి ధైర్యం చెప్పడం కోసం ఆ తల్లి ఇంటిని కూల్చవచ్చా? ఏ ధర్మం ఒప్పుతుంది?

రాజనీతి శాస్త్రవేత్త గుంటర్ లెవీ 1978లో లెక్కలు ముందుపెట్టాడు. హనోయ్ సొంత లెక్క ప్రకారమే నగరంలో మృతులు 1,318 మంది, కాబట్టి ఇది జనాన్ని చంపే ఉద్దేశంతో చేసిన దాడి కాదు అని. రెండో ప్రపంచ యుద్ధంలో డ్రెస్డెన్ మీద జరిగిన దాడితో పోలిస్తే తక్కువే. అయితే అంతకుముందే హనోయ్ నుంచి పిల్లల్ని, వృద్ధుల్ని పల్లెలకు తరలించారు. ఉన్నవాళ్లు పేవ్‌మెంట్ల మీద తవ్విన ఒంటిమనిషి గోతుల్లో దూరారు. చావులు తగ్గడానికి వాళ్ల జాగ్రత్తే ముఖ్య కారణం. దాన్ని బాంబు వేసినవాడి దయ కింద జమకట్టడం అన్యాయం. ఒక్కో బి-52డి వందకు పైగా బాంబులు మోసుకొచ్చింది. బాఖ్ మై ఆసుపత్రి పక్కన వైమానిక స్థావరం ఉందన్నారు, కూలింది మాత్రం ఆసుపత్రి. ఊరి నడుమ అలాంటి విమానాన్ని వాడాలని నిర్ణయించినప్పుడే ఆ ‘పొరపాటు’ కూడా నిర్ణయమైపోయింది.

ఇందుకే ఇప్పుడు అక్టోబరు సారాంశాన్నీ జనవరి ఒప్పందాన్నీ తెలుగులో పక్కపక్క వరుసల్లో పెడుతున్నాను. ఉత్తర సేనల ఉపసంహరణకు ఒక గడి గీశాను. రెండు వైపులా ఖాళీగానే ఉంది. మూడో వరుస ఆనాటి తెలుగు పత్రికలది. జై ఆంధ్ర ఉద్యమం వేడిలో హనోయ్ వార్త ఏ మూలన, ఏ మాటల్లో వచ్చిందో చూడాలి. మాస్టారు పత్రికలు కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచేవారు. వారి అమ్మాయి ముందు వరసలోనే ఉన్నారు. అమ్మా, ఆ డిసెంబరు కట్ట ఉంటే ఒక వారం నాకు ఇప్పించండి.