వృద్ధిరేటును ఎంతవరకు నమ్మవచ్చును?

దేశము ఏడు శాతము వృద్ధి చెందినదని వినునపుడు, ఆ లెక్క ఎవరు కట్టిరి, దేనినిబట్టి కట్టిరి అను సందేహము కలుగుట సహజము.

మన దేశపు సంగతినే గైకొందము. 2015 జనవరిలో కేంద్ర గణాంక కార్యాలయము ఆధారసంవత్సరమును 2011-12కు మార్చి, కంపెనీలు ప్రభుత్వమునకు దాఖలుచేయు పద్దులను విస్తృతముగా వినియోగించి, స్థూల దేశీయోత్పత్తిని తిరిగి గణించినది. అంతవరకు ఐదు శాతమునకు లోపుగా నున్న 2013-14 వృద్ధి దాదాపు ఏడుకు చేరెను. దేశము అదే, మారినది కొలత.

కొలత మారుట దోషము కాదు, పాతబడినదానిని మార్చవలసినదే. చిక్కంతయు అసంఘటిత రంగమున నున్నది. వీధిలో కూరలమ్మువారు, చేనేత పనివారు పద్దులు దాఖలుచేయరు గదా! వారి ఉత్పత్తిని ఏటేట నేరుగా కొలువజాలక, పాత సర్వేలనుండియు, కొన్నియెడల పెద్ద కంపెనీల పోకడనుండియు అంచనా కట్టిరి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దుకాగా, నగదుపై బ్రతుకు ఈ చిన్నవారే ముందుగా దెబ్బతినిరి. అయినను ఆ సంవత్సరపు వృద్ధిని పిదప సవరించి ఎనిమిది శాతము దాటించిరి. ఇది నాకు మింగుడుపడని సంగతి.

ముఖ్య ఆర్థిక సలహాదారుగా పనిచేసిన అరవింద్ సుబ్రమణియన్, 2011 తరువాతి కొన్నేండ్ల వృద్ధిరేటు ఏటా సుమారు రెండున్నర శాతబిందువులు అధికముగా చూపబడినదని 2019లో వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు, ఆర్థికవేత్తలలో కొందరును ఆయన పద్ధతిని తప్పుపట్టిరి.

కావున వృద్ధిరేటు వినినపుడు, విద్యుత్ వాడకము, రైళ్ల సరకు రవాణా, ఉద్యోగముల సంఖ్య కూడ అదే దిక్కున నడచుచున్నవా యని చూచుకొనుడు. అసంఘటిత రంగమును కడపట ఎప్పుడు కొలిచిరో కూడ అడుగుడు.