బాలుని మాట – బాలుర మాట
(రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



కథలలోని బాలురను గూర్చి ప్రసంగించుచు వ్యాకరణమును దెచ్చుట విందు విస్తరిలో వేపాకు వడ్డించుట వంటిదని కొందఱు తలంపవచ్చును. అయినను పసివాడు ‘నాది’ యని పెనుగులాడిన నాడే షష్ఠీవిభక్తి వాని యింటికి వచ్చినది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరిడెను. దానిని చదివి జీర్ణించుకొనగల బాలు రెందఱన్నది వేఱు సంగతి.

ఆంగ్లమున నొక చిక్కు గలదు. ఒక్క బాలునిది యనుటకును, పలువురు బాలురది యనుటకును చెవికి వినబడు ధ్వని యొక్కటే. భేదమంతయు కొక్కెము వంటి చిన్న గుర్తులో నున్నది. అది ‘ఎస్’ అను అక్షరమునకు ముందున్న నొకడు, వెనుకనున్న పలువురు. 1879లో లండనున వెలువడి 1967 వఱకు నడచిన ‘బాయ్స్ ఓన్ పేపర్’ పేరులో ఆ కొక్కెము ముందే యుండెను. ఎందఱో బాలురు చదివిన పత్రిక, పేరును బట్టి యొక్క బాలునిది! తెలుగున ‘బాలుని పుస్తకము’, ‘బాలుర పుస్తకము’ అన్నచో చదువురాని వానికిని తెలియును. తెలుగున శ్రమ వేఱొకచోట నున్నది. ఇల్లు ఇండ్లగును, ఇంటి యగును. పసివాడు ‘ఇల్లులు’ అన్నచో పెద్దలు నవ్వుదురు గాని, వాడు సూత్రమును నమ్మియే తప్పినాడు.

అంతకంటె లోతైనది ‘మా’, ‘మన’ యను భేదము. తోబుట్టువులు లేని యేకపుత్రుడైనను ‘మా అమ్మ’, ‘మా యిల్లు’ అనును; ‘నా’ యనునది పలకకు, బొంగరమునకు. (ఇల్లాలు భర్తను గూర్చియు ‘మా ఆయన’ యనియే చెప్పును, దాని పొంతన వైయాకరణులే చూచుకొందురు గాక.) ‘మా’ యన్నపుడు వినువాడు వెలుపల నుండును, ‘మన’ యన్నపుడు లోపలికి వచ్చును. ఆంగ్లమున రెంటికి నొకటే మాట.

మార్క్ ట్వేను 1876లో వెలువరించిన టామ్ సాయర్ కథను నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిరి. తల్లి లేని టామ్, ఆమె తోబుట్టువైన పాలీ యింట పెరుగును. ఆంగ్లమున ఆమె ‘ఆంట్’ మాత్రమే. తెలుగున పెద్దతల్లియో పినతల్లియో తేల్చక కథ కదలదు. ఎట్లైనను ‘మా యిల్లు’ అనుటకు టామ్‌కు చోటున్నది. వాని నేస్తుడు హక్ ఫిన్ తండ్రి త్రాగుబోతు. ఆ బాలుడు ఖాళీ పీపాలలో నిద్రించును. వాడు ‘నా పీపా’ యనవలసినదే. ‘మా’ యనుటకు వెనుక నొక కుటుంబము కావలయును.

నిధి దొరికిన పిమ్మట డగ్లస్ అను వితంతువు హక్‌ను చేరదీసెను. శుభ్రమైన పక్క, పళ్లెము, వేళకు భోజనము. మూడు వారములు సహించి వాడు పాఱిపోయెను. పాడుపడిన కబేళా వెనుక, మరల పీపాలలోనే, టామ్‌కు దొరకెను. ఆ యింట లోటేమియు లేదు. వానికది ‘వారి యిల్లు’ గానే మిగిలినది. టామ్ గడుసువాడు. దొంగల ముఠా కట్టుచున్నాననియు, మర్యాదస్థుడు కానివానిని చేర్చుకొనుట కుదరదనియు చెప్పెను. ఆ మాటను తెలుగున పలికించువా డిచట ఆగి యోచింపవలయును. బేరము కుదురువఱకు అది ‘మా ముఠా’. ఒక నెల ఆ యింట నుండి చూచెదనని హక్ ఒప్పుకొన్న క్షణమున ‘మన ముఠా’ యగును.