స్పెయిను దేశపు ప్రాచీన నృత్యసంగీతము



నృత్యము క్షణములో మాయమగు కళ. అడుగు లేచినచోట గుర్తు నిలువదు. వాద్యము మూగవోయిన పిదప నాదము మిగులదు. అట్లయ్యును 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు ఏ పాటలకు నర్తించిరో నేడు తెలియుచున్నది. కారణ మొక్కటే: వారు వ్రాసి యుంచిరి.

ఆ కాలమున నచ్చట గౌరవము నొందిన వాద్యము విహువేల. ఇది గిటారును బోలి, ఆరు వరుసల ప్రేగు తంత్రులు గలది. నాటి విహువేలలు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. కాని 1536 మొదలు 1576 వరకు అచ్చయిన విహువేల గ్రంథము లేడు నిలిచియున్నవి. అందు మొదటిది లూయిస్ దె మిలాన్ వాలెన్సియా నగరమున ప్రకటించిన 'ఎల్ మాయెస్త్రో'. వీనియందు ఆరు గీతలు గీచి, వానిపై అంకెలు వేసిరి. గీత తంత్రిని, అంకె వ్రేలుంచవలసిన మెట్టును దెలుపును.

నాటి నృత్యములలో పవాన ముఖ్యమైనది. జంటలు వరుసదీరి మందగమనమున నడచుట దీని లక్షణము. దానివెంట మూడు మాత్రల నడకతో, గెంతులతో గాయార్ద వచ్చును. ఫోలీయ పోర్చుగల్ నుండి వచ్చినది. ఆ పేరునకు వెఱ్ఱి యని యర్థము.

'నా యావులను గాచిపెట్టుము' అను పల్లెపాట యొకటి యుండెను. 1538లో లూయిస్ దె నార్వాయెస్ దాని వరుసపై 'దిఫెరెన్సియాలు', అనగా భేదములు, కల్పించి ముద్రించెను. మూలము మారకయే ప్రతి యావృత్తియందును క్రొత్త యలంకార మేర్పడును. బాల్యముననే చూపు గోల్పోయిన ఆంతోనియో దె కబెథోన్ (1510–1566), రెండవ ఫిలిప్పు రాజు నాస్థానమున ఆర్గను వాయించుచు, ఆ పాటకే భేదములు గూర్చెను. అతడు గతించిన 12 సంవత్సరములకు, 1578లో, కుమారుడు ఎర్నాందో తండ్రి కృతులను మాడ్రిడ్‌లో అచ్చు వేయించెను. పుత్రుడు పూనుకొననిచో ఆ యంధగాయకుని నాదము చాలవరకు మన చెవి బడకపోయెడిది.

సరబాంద కథ వేరు. దానిని అశ్లీలమని యెంచి 1583లో మాడ్రిడ్ అధికారులు నిషేధించి, పాడినవారికి 200 కొరడా దెబ్బలు శిక్షగా విధించిరి. అయినను అది చావలేదు. తరువాతి శతాబ్దమున ఫ్రాన్సు దేశమున మందగతి దాల్చి, పెద్దల సభల కెక్కెను. జర్మనీలో బాఖ్ (1685–1750) రచనలయందు గంభీరరూపము నొందెను.

శాసనము పాటను చంపజాలలేదు; కాని మఱపు చంపగలదు. పసుల పాటయైనను గ్రంథమున కెక్కుటచే నాలుగు శతాబ్దములు దాటి జీవించుచున్నది. మన వృద్ధుల నోట నింకను మిగిలిన నాట్లపాటలు, జోలపాటలు ఏ పుస్తకమునను లేకున్న వారితోనే పోవును. వానిని వ్రాసి యీ గ్రంథాలయపు బీరువాలో నొక చోటిచ్చుటకంటె రజతోత్సవమునకు దగిన కార్యము వేఱొండు లేదు.