పేలిన నక్షత్రం ఏ రకం?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా బడికి టెలిస్కోపు కొనివ్వాలని మన సంఘం ఆలోచిస్తోంది. చాలా సంతోషం. దానితోపాటు కాంతిని రంగులుగా విడదీసే ఒక చిన్న గ్రేటింగు కూడా కొనమని అడగడానికే నేను లేచాను. ఎందుకో జరిగిన సంగతితో చెబుతాను.

2014 జనవరి 21 సాయంత్రం లండన్‌లో స్టీవ్ ఫాసీ అనే అధ్యాపకుడు నలుగురు డిగ్రీ విద్యార్థులకు టెలిస్కోపు కెమెరా వాడటం నేర్పుతున్నారు. మబ్బులు కమ్ముకొస్తుంటే ఎం82 అనే గెలాక్సీ వైపు తిప్పారు. అందులో అంతకుముందు లేని చుక్క ఒకటి కనబడింది. ఆ గెలాక్సీ దూరం సుమారు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాలు. అంత దూరంలో అంత వెలుగంటే సూపర్నోవాయే కావాలి. కానీ ఏ రకం? ఫొటోలో ఏ రకమైనా ఒక చుక్కే.

మర్నాడు న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 3.5 మీటర్ల టెలిస్కోపుతో దాని వర్ణపటం తీశారు. దాన్ని చదివే పద్ధతి మన పరీక్షల ప్రశ్నల వరస లాంటిదే. హైడ్రోజన్ గీతలు ఉన్నాయా? ఉంటే రెండో రకం. లేకపోతే సిలికాన్ గీత బలంగా ఉందా? ఉంటే ఒకటి-ఎ. సిలికాన్ బలంగా లేక హీలియం ఉంటే ఒకటి-బి; రెండూ లేకపోతే ఒకటి-సి. ఒకటి-ఎ అంటే తెల్ల మరుగుజ్జు నక్షత్రం అణుదహనంతో పేలిపోవడం. మిగిలినవి భారీ నక్షత్రాల గర్భం కూలడం వల్ల వచ్చేవి.

ఇక్కడ హైడ్రోజన్ లేదు. 6355 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉండాల్సిన సిలికాన్ గీత మాత్రం వెడల్పుగా, నీలం వైపు బాగా జరిగి ఉంది. ఆ జరుగుడును బట్టి పదార్థం సెకనుకు సుమారు 20 వేల కిలోమీటర్ల వేగంతో మనవైపు దూసుకొస్తోందని తేలింది. వర్ణపటంలో సన్నని సోడియం గీతలూ ఉన్నాయి. అవి పేలుడువి కావు, దారిలో ఎం82లోనే ఉన్న వాయువువి. ఏ గీత ఎవరిదో విడదీసి చూడాలి. తీర్పు: ఒకటి-ఎ. తరువాత ఇంటెగ్రల్ ఉపగ్రహం కోబాల్ట్-56 గామా కిరణాలను పట్టి ఆ తీర్పును బలపరిచింది.

రకం తెలిస్తే ఏం ఒరుగుతుంది? ఒకటి-ఎ సూపర్నోవాల అసలు వెలుగును లెక్కగట్టవచ్చు. కనబడే వెలుగుతో పోల్చితే దూరం వస్తుంది. విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తెలిసింది ఈ కొలతలతోనే. 2011 నోబెల్ దానికే. రకం తప్పితే దూరమూ తప్పుతుంది.

ఈ విద్యకు మన నేలతో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటంలో చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. ఆ ఏడాది పరిశీలనల్లోనే సోడియానికి చెందని పసుపు గీత బయటపడింది. అదే హీలియం. ఒకటి-బి రకాన్ని పట్టిచ్చేది ఆ మూలకమే.

ఇంజనీరుగా నాకు ఇది కొత్త కాదు. ఫౌండ్రీలో ఉక్కు ముక్క మీద నిప్పురవ్వ పుట్టించి, ఆ వెలుగు గీతలతోనే అందులో క్రోమియం, నికెల్ ఎంతో చెబుతాం. చూపుకు రెండు ముక్కలూ ఒకటే.

బడి టెలిస్కోపుకు దూరపు సూపర్నోవా వర్ణపటం అందకపోవచ్చు. కానీ గ్రేటింగు, కెమెరా తగిలిస్తే అభిజిత్ నక్షత్రంలో హైడ్రోజన్ గీతలు, ఆర్ద్రలో టైటానియం ఆక్సైడ్ పట్టీలు మన పిల్లలే చూడగలరు. టెలిస్కోపు ‘అదిగో’ అంటుంది; వర్ణపటం ‘అదేమిటో’ చెబుతుంది. మన పిల్లలకు రెండూ ఇద్దాం.