పగడపు దిబ్బలను చూడబోవువారికి



మన గ్రంథాలయమునకు వచ్చు యువకులు కొందరు అండమానులకు పోయి, కన్నులకు గాజుకప్పు, నోట గొట్టము తగిలించుకొని, సముద్రముపై తేలుచు పగడపు దిబ్బలను చూచి రాగోరుచున్నారు. దీనిని స్నార్కెలింగు అందురు. ఎచ్చటికి, ఎప్పుడు పోవలెనని నన్నడిగిరి. సెలవు దొరకిన దినమును బట్టి ప్రయాణము నిశ్చయింపరాదనియే నా మొదటి మాట.

మన కావ్యములలో విద్రుమమనగా ఎఱ్ఱని పెదవికి ఉపమానము. జ్యోతిష్కులు కుజునికై ధరింపుమను ఆ ఎఱ్ఱపగడము వేరు, ఈ దిబ్బలు వేరు. ఇవి చిన్నచిన్న జీవులు తరతరములుగా కట్టిన సున్నపురాతి కట్టడములు. ఆ జీవుల మేనిలో వసించు నాచు ఎండవెలుగున ఆహారము సిద్ధపరచి వానిని పోషించును. కావున వానికి తేటనీరు, వెలుగు, ఉప్పదనము కావలెను. గోదావరీకృష్ణలు ఒండ్రును, మంచినీటిని తెచ్చి కలుపు మన తీరమున పెద్ద దిబ్బలు లేకుండుటకు ఇదియే ముఖ్యకారణము. మన వరిచేలకు ప్రాణమైన ఒండ్రే పగడమునకు ఉరి!

ఇక కాలము. అండమానులలో మే చివరినుండి నైరుతి వానలు, వాని వెనుక ఈశాన్యపు గాలులు, తుపానులు. ఫిబ్రవరి, మార్చి మాసములు మేలు. ఏప్రిల్, మే నెలలలో అలలు తక్కువైనను నీరు వేడెక్కును. వేడి మితిమీరినచో నాచు జీవిని వీడిపోవును. పగడము తెల్లబారి, అటులే కొనసాగిన మరణించును. 2010లో అండమానులందును, 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో లక్షద్వీపములందును ఇట్లే జరిగినది. అట్టి యేట ఆ దిబ్బలకు మనుష్యుల తాకిడి కూడ తోడుకారాదు. ముందుగా విచారించి, ప్రయాణము మానుకొనుట న్యాయము.

తిథినికూడ చూడుడు. పౌర్ణమి, అమావాస్యలకు ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహము బలము. అష్టమీ నవములకు మెత్తన. ప్రయాణమునకు మనము వర్జించు తిథులే ఇందుకు శుభతిథులగుట వింత! ఏనాడైనను నిండుపోటున, ఉదయము గాలి లేవకముందు దిగవలెను. పాటున దిగినచో కాళ్లు దిబ్బకు తగిలి, కాలునకు గాయము, పగడమునకు చేటు. వాన కురిసిన మరునాడు నీరు మసక. దిగి ప్రయోజనము లేదు.

స్థలమందురా, వండూరువద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానము నాకు నచ్చినది. అందు జాలీబాయ్, రెడ్‌స్కిన్ అను దీవులను ఒకదాని తరువాత నొకటి తెరచి, రెండవదానికి విశ్రాంతి నిత్తురు. ప్లాస్టికు వస్తువులను దీవికి తీసికొనిపోనీయరు. ఈత సరిగా రానివారికి లక్షద్వీపములలో దిబ్బ చుట్టియున్న నిలుకడ నీరు నయము; అచ్చటికి ముందుగా అనుమతి పొందవలెను.

తేలుటకు చొక్కా ధరింపుడు, ఒంటరిగా పోకుడు. పగడపు ముక్కను గుర్తుగా తేవలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అది నేరము. గాలి లేచినదని పడవవాడు చెప్పినచో, చెల్లించిన పైకము పోయినను సరే, ఆనాటికి ఒడ్డుననే ఉండుడు.