ఒక గది, ఒక దృశ్యము, పలువురు చూపరులు

ఒక గదిలో నలుగురు కూర్చున్నంత మాత్రమున ఆ నలుగురును కలిసి ఉన్నట్లు కాదు. నేడు అనేక గృహములలో తండ్రి ఒక తెరను, తల్లి ఒక తెరను, పిల్లలు తలకొక తెరను చూచుచు, ఒకే కప్పు క్రింద వేర్వేరు లోకములలో విహరించుచున్నారు. రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ తేడాను వేరుగా వివరింపనక్కరలేదు. ఒక పెట్టె నుండి వచ్చు కంఠమును ఇంటిల్లిపాది వినునప్పుడు, ఆ మాటతోపాటు ప్రక్కవారి నవ్వును, నిట్టూర్పును గూడ మనము వినుచున్నాము. ఈ కలిసి వినుట వలెనే కలిసి చూచుటకు వీలు కల్పించు ఒక క్రొత్త సాధనమును గురించి, శ్రీకాళహస్తిని దృష్టియందుంచుకొని, నేడు ముచ్చటింపదలచినాము.

దీనిని మిక్సెడ్ రియాలిటీ అందురు. మిశ్రమ వాస్తవమని మనము చెప్పుకొనవచ్చును. ఒక విధమైన కళ్ళజోడు ధరించినచో గదిలోని బల్ల, గోడ, మనుష్యులు ఉన్నవి ఉన్నట్లే కనబడుచు, వాటి నడుమ లేని వస్తువొకటి ఉన్నట్లు గోచరించును. 1968లో ఐవన్ సదర్లాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకొని చూచు ఇట్టి యంత్రమును రూపొందించినాడు. అది ఒక్కరికి మాత్రమే పనికివచ్చునది. 1992లో షికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు గోడలే తెరలైన ఒక గదిని, కేవ్ అను పేరున ప్రదర్శించినారు. అందు పలువురు నిలువవచ్చును; కాని చిత్రము ఒక్కరి కంటికి సరిపడునట్లు లెక్కింపబడెడిది. తక్కినవారికి అది కొంత వంకరగా తోచెడిది.

పలువురిని ఒకచోట చేర్చి, ఎదుట లేనిదానిని చూపుట మనకు క్రొత్త విద్యయా? కాదు. స్వర్ణముఖీ తీరమున కాళహస్తి కలంకారీ పనివారు తరతరములుగా చేయుచున్నది ఇదియే. కరక్కాయ రసమును, పాలను పట్టించిన నూలుబట్టమీద, కొనకు ఉన్ని చుట్టిన వెదురు కలముతో వారు బొమ్మలు వ్రాయుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసిన కసిమి వారికి నల్లరంగు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టును వరుసలుగా చిన్న గడులు, వాటికి తోడు తెలుగున వివరము. ఆ తెరను ఆలయమున వ్రేలాడదీసినచో చదువు వచ్చినవాడు చదువుకొనును. రానివాడు చదివినవానిని అడిగి తెలిసికొనును. బట్టమీద ఉన్నది రంగు. చూపరుల నడుమ నడచునది కథ. 1957లో కమలాదేవీ చటోపాధ్యాయ ప్రోత్సాహముతో ఈ పట్టణమున శిక్షణ కేంద్రము వెలసి, సన్నగిల్లుచున్న ఈ కళకు ఊపిరి పోసినది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ లభించినది.

తెర విషయమున ఒక సౌకర్యము కలదు. బట్ట ఒక్కటే గనుక, ఒకరు వ్రేలితో చూపిన బొమ్మను తక్కినవారందరు చూడగలరు. కళ్ళజోళ్ళతో చూచునప్పుడు ఈ చిన్న పనియే మహాకష్టము. ఎవరి జోడు వారి కంటికే బొమ్మను చూపును. ఆ బొమ్మ ఎచట నిలిచినదో జోళ్ళన్నియు ఒక ఒప్పందమునకు రావలెను. అందుకై ఒక జోడులోని కెమెరాలు గది మూలలను, బల్ల అంచులను, గోడమీది పటములను గుర్తించి ఒక లెక్క కట్టును. పశువును గుంజకు కట్టినట్లు బొమ్మను ఆ గుర్తులకు కట్టివేయును. రెండవ జోడు ఆ గుర్తులను గ్రహించి, తాను చూచుచున్న గదితో సరిపోల్చుకొని, తన కోణమునుండి అదే బొమ్మను చిత్రించును. ఈ లెక్క బెత్తెడు తప్పినను, ఒకరు గోపురమును చూపగా రెండవవారికి ఆ వ్రేలు గోడను చూపినట్లుండును. కలిసి చూచుట అంతటితో చెడును.

గోపురమని ఊరక అనలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన కాళహస్తి రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. అచ్చటనే నిర్మించిన క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది. పాత గోపురమును కన్నులార చూచిన అవ్వ, దానిని ఎరుగని మనుమరాలు ఒకే ఇంట ఉన్నారు. పాత ఛాయాచిత్రముల ఆధారమున చేసిన గోపురపు ప్రతిరూపము వారి గదిలో నేలమీద నిలిచినదనుకొనుడు. ఇద్దరును దాని చుట్టు తిరుగుచుండగా అవ్వ తన జ్ఞాపకములను చెప్పును, మనుమరాలు ప్రశ్నించును. ఆ అవ్వ జ్ఞాపకము ఆమెతోనే పోకుండ ఇంకొక తరమునకు చేరును. ఈ సాధనమువలన మనము కోరదగిన ప్రయోజనములలో ఇది యొకటి.

ఇందు జాగ్రత్త పడవలసినవియు ఉన్నవి. తలకొక జోడు కావలెను గనుక వ్యయము అధికము. జోడు కన్నులను కప్పివేసినచో ఎదుటివారి చూపు తెలియదు. కొన్ని పరికరములు మన గది లెక్కను ఎచటనో ఉన్న కంపెనీవారి యంత్రములకు పంపుటకు అనుమతి అడుగును. ఇంటి లోపలి అమరికను పరులకు ఇచ్చుటకు ముందు ఇంటివారు ఆలోచింపవలెను. యంత్రముల ఆయువును స్వల్పమే. మైక్రోసాఫ్టువారు 2016లో వెలువరించిన హోలోలెన్సు అను జోడు తయారీ 2024లో నిలిచిపోయినది. 19వ శతాబ్దమున వ్రాసిన కాళహస్తి తెరలు నేటికిని మ్యూజియములలో చూడదగియున్నవి. అన్నిటికంటె ముఖ్యము, ప్రతిరూపము చేసినవాడు ఒక అంతస్తు తప్పుగా నిలిపినచో, గదిలోని వారందరు ఆ తప్పునే నిజమని కలిసి చూచెదరు. ఒక్కరే చూచిన భ్రమను ప్రక్కవారు సరిదిద్దవచ్చును. అందరును చూచినదానిని శంకించువారుండరు.

కావున ఇట్టి ప్రదర్శన ఏ పాఠశాలలోనో, మ్యూజియములోనో ఏర్పాటు చేయువారికి మేము చేయు మనవి ఇది. నాలుగు జోళ్ళు కొన్నను, ఎరిగిన పెద్దను ఒకరిని జోడు లేకుండ ప్రక్కన కూర్చుండబెట్టుడు. ప్రతిరూపమున ఏ భాగము ఆధారముతో చేసినదో, ఏ భాగము ఊహించి చేసినదో, కలంకారీ తెరమీద వివరము వ్రాసినట్లు స్పష్టముగా వ్రాసి ఉంచుడు. చూచుట ముగిసిన పిమ్మట జోళ్ళు తీసి, పిల్లలచేత తాము చూచినదానిని చెప్పించుడు. ఒకరు చెప్పినదానిని ఇంకొకరు దిద్దుటకు అవకాశమిండు. జోడు కొనుటకు వెచ్చించిన ధనము సార్థకమైనదో కాదో ఆ సంభాషణ వలన తెలియగలదు.