చదువుకూ పంచసూత్రాలే

(సుబేదారిలో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాక పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నరు. నన్ను పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పుమన్నరు. ఇది వేరే ముచ్చట అనుకోకుండ్రి. మీ సంఘం తీర్మానం పుస్తకం ఒకసారి తిరగేయండి. అప్పు దేనికి అని రాసే కాడ ‘పిల్లల ఫీజు’, ‘పిల్లల పుస్తకాలు’ అని ఎన్నిసార్లు ఉంటదో మీకే తెలుస్తది. కిస్తీ మనం కడుతనే ఉన్నం. ఆ పైసలు పిల్లల నెత్తిల చదువుగా మారుతున్నయా లేదా అన్నదే ఇయ్యాల నేను మాట్లాడదలచుకున్నది.

మన సుబేదారిల చదువుకు కొదువ ఉన్నట్టు కనపడదు. ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ మన ముంగటనే ఉన్నది. 1976ల పెట్టిన కాకతీయ యూనివర్సిటీ దగ్గరనే. 1959ల ఆర్ఈసీగా మొదలైన నిట్ కాజీపేట తొవ్వలనే. ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికి వచ్చి చదువుకుంటున్నరు. వాళ్ల హాస్టళ్లల్ల వండేది, ఊడ్చేది మనలో కొందరం. ఆ గేటు లోపలికి మన పిల్లలు చదువుకోవడానికి పోవాలంటే ఏం చేయాలె?

బడికి పేరెంట్స్ మీటింగుకు వచ్చిన తల్లులు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: ‘నాకే సదువు రాదు టీచరమ్మా, నేను దానికి ఏం చెప్పాలె?’ పాఠం చెప్పుడు మా పని. రోజూ కుదురుగా కూర్చునే అలవాటు చేసుడు ఇంటి పని. ఆ అలవాటు గురించి మీకు తెలిసినంత మాకు గూడ తెల్వదు. ఎందుకంటే మీరు పంచసూత్రాలు పాటించినోళ్లు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తకాల నిర్వహణ. ఈ ఐదే పిల్లల చదువుకూ సరిపోతయి. ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది సమావేశం. మన మీటింగు పలానా తారీఖు, పలానా టైము అని ఖాయం ఉంటది. ఆ పూట ఇంట్ల పని ఎట్లనో సర్దుకుంటం. పిల్లల చదువుకు గూడ గట్లనే ఒక టైము, ఒక జాగ ఖాయం చేయండి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది అంటే రోజూ అదే. ఒక్క రూము ఇల్లయినా సరే, ఒక మూలకు చాప పరిస్తే చాలు. ఆ గంటన్నర టీవీ బంద్. టైము ఖాయమైతే రోజూ ‘చదువు, చదువు’ అని మొత్తుకునే బాధ తప్పుతది. పిల్లలు ఆ టైముకు వాళ్లే కూసుంటరు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. కోపం చేయకుండ్రి. కొడుకు చదువుకుంటుంటే ‘వాణ్ని లేపకు’ అంటం. అదే టైముల బిడ్డను మూడుసార్లు లేపుతం. ‘నల్లా వచ్చింది, బిందెలు పట్టు. తమ్ముణ్ని ఎత్తుకో. దుకాణంకాడికి పోయి పెరుగు తే.’ ఒక్కో పనికి ఐదు నిమిషాలే పట్టొచ్చు. కని లెక్క మధ్యల లేచిన పిల్ల మళ్ల వచ్చి మొదటి నుంచి చేయాలె. ఏడాది అంతా గిట్ల నడిచి మార్చిల మార్కులు తక్కువ వస్తే ‘దానికి లెక్కలు రావు’ అని మనమే అంటం. లెక్కలు రాకపోవుడు కాదమ్మా, కూర్చోనియ్యలేదు మనం. పదో తరగతి తప్పిన కొడుకుకు మళ్ల ఫీజు కడుతం. తప్పిన బిడ్డకు సంబంధాలు చూస్తం. ఆమె బతుకు ఎటు తిరుగుతదో ఆ సాయంత్రం గంటన్నర మీద ఆధారపడి ఉన్నది. పని నేర్పొద్దు అంటలేను. చదువు టైము అయినంక కొడుకుకు, బిడ్డకు ఇద్దరికీ సమానంగ పంచండి.

రెండోది పొదుపు. మనలో ఎవ్వరం ఏడాది ఆఖరుకు ఒకేసారి వేల రూపాయలు తెచ్చి పొదుపు కట్టలేదు. నెలనెలా కొంత కట్టినం. చదువు గూడ అంతే. ఏడాదిలో బడి పనిదినాలు సుమారు 220 అనుకుందాం. రోజుకు ఒక్క అరగంట అదనంగ చదివినా 110 గంటలైతది. జూన్ నుంచి వదిలేసి పరీక్షల ముందల ఆ 110 గంటలు పూడ్చాలంటే రోజుకు పది గంటల చొప్పున పదకొండు రోజులు కూసోవాలె. ఏ పిల్లకు సాధ్యమైతది చెప్పండి?

పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు వంద మార్కులుంటే పబ్లిక్ పరీక్షకు 80. మిగతా 20 బడిల ఏడాది పొడవునా జరిగే ఫార్మేటివ్ పరీక్షల నుంచి వస్తయి. ఆ 20 మార్కులు మార్చిల సంపాయించేటివి కావు. వర్షాకాలంలనే, బతుకమ్మ సెలవులకు ముందు నుంచే కూడుకుంటూ రావాలె.

మూడోది అంతర్గత అప్పులు. సంఘంల ఒకరికి కష్టమొస్తే బయట వడ్డీకి పోకుండ లోపలనే తీసుకుంటం. బస్తీలో ఒక పిల్లకు లెక్కలు వస్తయి, ఒకరికి ఇంగ్లీషు వస్తది. నలుగురు పిల్లలు వారానికి రెండు రోజులు కలిసి కూసుంటే ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి అందుతది. ‘మా పిల్ల చదువు పాడైతదేమో’ అని చెప్పే పిల్ల తల్లికి భయముంటది. భయపడకుండ్రి. ఇంకొకరికి విడమరిచి చెప్పాలంటే ముందు తనకు సాఫుగ అర్థం కావాలె. చెప్పిన పిల్లకే ఎక్కువ గుర్తుంటది. ఇచ్చిన అప్పుకు అదే వడ్డీ.

నాలుగోది తిరిగి చెల్లింపు. ఇది అందరికంటే ఎక్కువ మరిచేది. పిల్లలు పుస్తకం ముంగట పెట్టుకొని ఒక్కటే పాఠం నాలుగుసార్లు చదువుతరు. చదివినం అనుకుంటరు. తీసుకున్నది తిరిగి ఇచ్చినప్పుడే అప్పు తీరినట్టు. పుస్తకం మూసి, చూడకుండ చెప్పినప్పుడే, రాసినప్పుడే చదువు వచ్చినట్టు.

దీని మీద శాస్త్రవేత్తలు గూడ పరీక్షలు చేసిండ్రు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీద తనే పరీక్ష చేసుకొని, 1885ల ఆ వివరాలు బయటపెట్టిండు. అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టి ఎంత గుర్తున్నదో కొలిచిండు. ఒక్క గంటలనే సగానికి మించి పోయింది. తెల్లారేసరికి మూడింట రెండు వంతులు పోయింది. అర్థమైన పాఠం అంత జల్దీ పోదు కని, మళ్ల తిరగేయకుంటే అదీ పోతది. 2006ల అమెరికాల రోడిగర్, కార్పికె అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు ఒక పాఠం ఇచ్చిండ్రు. కొందరు నాలుగుసార్లు చదివిండ్రు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండ గుర్తు చేసుకొని రాసిండ్రు. ఐదు నిమిషాలకు అడిగితే ఎక్కువ చదివినోళ్లే బాగ చెప్పిండ్రు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడ్డది. నాలుగుసార్లు చదివినోళ్లకు 40 శాతం గుర్తున్నది. చూడకుండ రాసినోళ్లకు 61 శాతం గుర్తున్నది. మన పిల్లల పరీక్ష ఐదు నిమిషాలకు రాదు, నెలలకు వస్తది. అందుకే మూసి చెప్పుడు అలవాటు కావాలె.

ఇగ ఓవర్‌డ్యూ ముచ్చట. జ్వరమొస్తది, పెండ్లి వస్తది, రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తది. పిల్లలు బడికి పోని రోజులు ఉంటయి. తప్పేం లేదు. కని ఒక్క కిస్తీ తప్పితే రెండోది బరువైనట్టు, ఒక్క పాఠం పోతే దాని మీద నిలబడే తర్వాతి పాఠం గూడ అర్థం కాదు. లెక్కల్ల ఇది మరీ ఎక్కువ. ఆ వారం పోయిన పాఠాలు ఆ ఆదివారమే తోటి పిల్లల నోట్సు చూసి పూర్తి చేయించండి. బాకీ నెల దాటనియ్యొద్దు.

ఐదోది పుస్తకాల నిర్వహణ. పిల్లతోటి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టించండి. పరీక్ష పేపరు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు చూసి తిట్టుడో, మెచ్చుకునుడో చేసి అవతల పెడుతం. దానికి బదులు తప్పు పోయిన ప్రశ్నలు ఆ నోట్‌బుక్కుల ఎక్కియ్యాలె, పక్కన సరైన జవాబు రాయాలె. పది రోజులకోసారి అవే మళ్ల చేయాలె. పరీక్షల ముందల గైడు కంటె ఆ నోట్‌బుక్కే ఎక్కువ అక్కరకొస్తది, ఎందుకంటే అందులో ఉన్నయి ఆ పిల్ల తప్పులే.

చదువు రాని తల్లి గూడ దీన్ని తనిఖీ చేయొచ్చు. రొట్టెలు చేసుకుంటనే అడగండి: ‘ఇయ్యాల బడిల ఏం చెప్పిండ్రు బిడ్డా? పుస్తకం మూసి నాకు చెప్పు.’ పిల్ల ఆగకుండ చెప్తున్నదా, నీళ్లు నములుతున్నదా అన్నది చూడనీకి మనకు అక్షరాలు అక్కర లేదు. సంఘంల ఎవరు నిజం చెప్తున్నరో, ఎవరు సాకు చెప్తున్నరో మొఖం చూసి చెప్పేటోళ్లం మనం!

ఈ ఐదింటికి తోడు రెండు జాగ్రత్తలు. ఒకటి నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేండ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు, ఆరు నుంచి పన్నెండేండ్లోళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే అమెరికా డాక్టర్ల సంఘం 2016ల చెప్పింది. పగలు చదివింది నిద్రలనే నిలబడుతది. రాత్రి రెండింటి దాక మేలుకొని పొద్దుగాల పరీక్ష హాల్ల కునికే పిల్లను మెచ్చుకోవద్దు. రెండోది ఫోను. చదువు టైముల ఫోను పిల్ల దగ్గర ఉండొద్దు, మన చేతుల గూడ ఉండొద్దు. మనం పక్కన కూసోని రీల్సు చూసుకుంట పిల్లను చదువుమంటే ఆమె చెవులు మన ఫోను కాడనే ఉంటయి. ఇంటాయనకు గూడ ఇదే చెప్పండి.

ఇంకొకటి అందరికీ తెల్వాలె. సర్కారు, ఎయిడెడ్, లోకల్ బాడీ బడుల్ల ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అని స్కాలర్‌షిప్ పరీక్ష ఉన్నది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటొద్దు. హాస్టల్‌తో ఉన్న రెసిడెన్షియల్ బడుల పిల్లలకు ఇది వర్తించదు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాక ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేండ్లకు 48,000 రూపాయలు వస్తయి. దరఖాస్తు బడి నుంచే పోతది. మీ పిల్ల ఏడో తరగతిల ఉంటే ఇప్పటి నుంచే హెడ్మాస్టరును అడగండి. ఏడో తరగతి మార్కులు దీనికి చూస్తరు.

పదో తరగతిల ఒకటి రెండు సబ్జెక్టులు పోతే బతుకు ఆగిపోయినట్టు కాదు. అదే ఎండాకాలం సప్లిమెంటరీ ఉంటది. బడి మానేసి ఏండ్లు గడిచినోళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూలు ఉన్నది. అది పిల్లలకే కాదు. ఇక్కడ కూసున్న మనలో పదో తరగతి మధ్యల ఆగినోళ్లు ఎంతమంది? మీరు గూడ రాయొచ్చు. తల్లి పక్కన కూసోని చదువుతుంటే పిల్లకు వేరే చెప్పే పని ఉండదు.

ఆఖరుకు మూడు తీర్మానాలు ఈ సభ ముంగట పెడుతున్న. ఒకటి, సభ్యురాలి ఇంట్ల బడి ఉన్న రోజు సాయంత్రం గంటన్నర చదువు టైము ఖాయం చేసుడు. ఆ టైముల ఆడపిల్లను పనికి లేపకపోవుడు. రెండు, ఇంట్ల జాగ లేని పిల్లల కోసం సమాఖ్య గదిని సాయంత్రాలు చదువు గదిగా తెరిచి పెట్టుడు. 1904ల, నిజాం కాలంల, మన హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిన పెద్దలు చేసింది గూడ అదే కద. చదువుకునేటోళ్లకు ఒక జాగ, కొన్ని పుస్తకాలు. మనకు గది ఉన్నది, లైటు ఉన్నది. వంతులవారీగ ఒక్కొక్క సభ్యురాలు కూసుంటే చాలు. మూడు, 2024 నుంచి సర్కారు బడుల్ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సమాఖ్య అధ్యక్షురాలే అధ్యక్షురాలు. నల్లాలు, బాత్రూములు, కరెంటు పనులతో పాటు, వరుసగ వారం బడికి రాని పిల్ల ఎవరని ప్రతి మీటింగుల అడిగి, ఆ ఇంటికి పోయి రావుడు.

ఈ మూడూ మినిట్స్ బుక్కుల రాయండి. వచ్చే మహాసభల పొదుపు ఎంతైంది, రికవరీ ఎంతైంది అని చదివినట్టే, ఎన్ని ఇండ్లల్ల చదువు టైము నడిచింది, ఎంతమంది బిడ్డలు పది దాటి ఇంటర్ల చేరిండ్రు అన్న లెక్క గూడ ఈ మైకుల చదవాలె. ఆ లెక్క వినడానికి పిలిస్తే నేను తప్పకుండ వస్తా.